డిగ్రీ ఫస్టియర్ ఫిజిక్స్ బుర్రకెక్కడం లేదు, సబ్జెక్టు మార్చుకోవాలా? నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక చెల్లి అడిగింది: ప్లస్ టూలో (ఇంటర్లో) ఫిజిక్స్‌కి మంచి మార్కులే వచ్చాయి, ప్లస్ త్రీలో (డిగ్రీలో) ఫిజిక్స్ ఆనర్స్ తీసుకుంటే మొదటి సెమిస్టర్ మెకానిక్స్ దగ్గరే ఆగిపోయాను, ఇంటర్నల్‌లో 6 మార్కులు, సబ్జెక్టు మార్చేసుకోనా అని.

మీ ఇంటి సంగతులు నాకు తెలియవు కాబట్టి మార్చుకోవద్దని గట్టిగా చెప్పలేను. కానీ ఆ 6 మార్కుల కోసమైతే మార్చుకోకమ్మా. నాకు 4 వచ్చాయి.

నాది కాశీనగర్ పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బరంపురంలో డిగ్రీలో చేరాక పాఠమంతా ఇంగ్లీషు. త్వరణం వరకు పేచీ లేదు, ఒడియాలోనూ త్వరణే. మొమెంటం దగ్గర మొదలైంది గొడవ. బడిలో నేర్చుకున్నది సంవేగ, శ్రీకాకుళంలో తెలుగు మీడియం చదివిన మా పెదనాన్న కొడుకు పుస్తకంలో ద్రవ్యవేగం, క్లాసులో సార్ నోట మొమెంటం. మూడు పేర్లూ కంఠతా వచ్చు, అదేమిటో మాత్రం తెలీదు. తప్పంతా ఇంగ్లీషు మీదకి నెట్టేసి కూర్చున్నాను. మొదట్నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివిన మా రూమ్మేటుకి అదే ఇంటర్నల్‌లో 5 వచ్చేసరికి ఆ సాకు కాస్తా పోయింది.

అసలు జబ్బు వేరే. ప్లస్ టూలో లెక్క చూడగానే ఇచ్చినవేవి, అడిగిందేది, ఏ సూత్రంలో పడుతుంది అని వెతకడం అలవాటైపోయింది. డిగ్రీలో సూత్రం కన్నా ముందు బొమ్మ అడుగుతారు. ఒకరోజు సార్ నడుస్తున్న మనిషి బొమ్మ గీసి, పాదం మీద ఘర్షణ ఎటు పనిచేస్తుందో బాణం గుర్తు పెట్టమన్నారు. ఘర్షణ అంటే అడ్డుకునేది కదా అని వెనక్కి పెట్టాను. ఆయన కొట్టేసి ముందుకు గీసి పాఠంలోకి వెళ్లిపోయారు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

దసరా సెలవులకి ఊరొచ్చాను. ముందురోజు వాన పడింది. పొలం గట్టు మీద గబగబా నడుస్తుంటే కాలు సర్రున జారింది, వెనక్కి. అప్పుడు తట్టింది: అడుగు నేలను వెనక్కి తోస్తుంది, నేల అడుగును ముందుకు తోస్తుంది, ఆ ముందుకు తోసేదే ఘర్షణ. బురదలో అది చాలలేదు కాబట్టే కాలు వెనక్కి పోయింది. ప్యాంటు పాడైందని అమ్మ తిట్టింది గానీ నాకైతే ఆ రోజు పండగే.

ప్రాక్టికల్స్‌ని చిన్నచూపు చూడకు. సీనియర్ రికార్డు చూసి రాసేస్తే అయిపోతుందని అందరూ చెబుతారు, నేనూ అలాగే మొదలుపెట్టాను. లఘులోలకం (దారానికి గుండు కట్టి ఊపేది) ప్రయోగంలో లోలకం పొడవు 100 సెంటీమీటర్లు పెట్టి, 20 డోలనాలకి (ఊగి మళ్లీ మొదటి చోటికి రావడం ఒక డోలనం) స్టాప్‌వాచ్ చూస్తే 38.1 సెకన్లు. లెక్క కడితే జీ, అంటే గురుత్వ త్వరణం, విలువ 10.9 దాకా వచ్చింది. భూమ్మీద ఎక్కడా అంత ఉండదు. 9.8 వచ్చేలా రీడింగ్ దిద్దుదామని రబ్బరు తీశాను. వెనక నుంచి ల్యాబ్ అటెండెంట్, మన సైడు ముసలాయన, చూస్తూనే ఉన్నాడు. "ఏటి బాబూ, వాచీ నొక్కీటప్పుడు ఒకటి అంటన్నావు. సున్నా అనాల" అన్నాడు.

అంతే తప్పు. వాచీ నొక్కుతూ ఒకటి అంటే, ఇరవై అనేసరికి అయ్యేవి 19 డోలనాలే. సున్నాతో మొదలుపెట్టి మళ్లీ చేస్తే 40.1 సెకన్లు, జీ 9.8. ఒక్క డోలనం తేడా అంటే కాలంలో 5 శాతం. కానీ సూత్రంలో కాలం వర్గమై కూర్చుంటుంది కాబట్టి జీలో అది దాదాపు 10 శాతం అయింది. అదే పొడవు కొలవడంలో గుండు మధ్య దాకా కాక పైకొస వరకే కొలిచి ఒక సెంటీమీటరు తగ్గితే, తప్పు ఒక్క శాతమే. ఏ తప్పు ఎంత చెడగొడుతుందో ఆ రెండు గంటల్లో తెలిసినంత నోట్సులో ఏనాడూ తెలియలేదు. (ఆ రబ్బరు వాడి ఉంటే ఇదంతా పోయేది.)

వైవాలో ఇంకో దెబ్బ తిన్నాను. బల్ల మీద పుస్తకం ఉంది, దాని బరువుకి ప్రతిచర్య ఏది అన్నారు. బల్ల పైకి తోసే బలం అన్నాను. కాదు. ఆ రెండూ పనిచేసేది పుస్తకం మీదే. చర్య, ప్రతిచర్య ఎప్పుడూ రెండు వేరు వేరు వస్తువుల మీద ఉంటాయి. భూమి పుస్తకాన్ని లాగితే, దానికి జోడీ పుస్తకం భూమిని లాగడం. ఇది నీకు ఒప్పుకోబుద్ధి కావడం లేదా? నాకూ వారం పట్టింది.

ఆ తర్వాత నుంచి ఏ లెక్కయినా ముందు బొమ్మ గీసి, ప్రతి బాణం పక్కనా "ఎవరు ఎవర్ని తోస్తున్నారు" అని తెలుగులోనే రాసుకునేవాణ్ణి. ఇంగ్లీషు జవాబు ఆ తర్వాతే. నోటి భాషలోనే చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మీ పర్లాకిమిడిలోనే, కాబట్టి నువ్వు సిగ్గుపడక్కర్లేదు. కాల్‌క్యులస్ మాత్రం బొమ్మలతో గట్టెక్కదు, అది రోజూ ఓ అరగంట కూర్చుని చేయాల్సిందే.

రెండో సెమిస్టర్‌కి నేను టాపరేమీ కాలేదు, బ్యాక్ (తప్పిన పేపరు) లేకుండా బయటపడ్డాను. మూడో సెమిస్టర్ నుంచి ఇష్టం మొదలైంది.

ఆ ఇంటర్నల్ పేపరు నీ దగ్గరుంటే, సున్నా పడిన ఒక లెక్క తీసుకుని బొమ్మ ఒక్కటే గీసి ఫొటో ఇక్కడ పెట్టు. జవాబు అక్కర్లేదు. బాణాలు ఎటు పెట్టావో చూస్తాను.