కళ్ళలోకి చూడడమా, కంటి సంపర్కమా?

సందేహం: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా బాబు మాట్లాడేటప్పుడు ‘ఐ కాంటాక్ట్’ ఉండడం లేదని వాళ్ళ టీచర్ అన్నారు. మా అత్తగారేమో పెద్దవాళ్ళ కళ్ళలోకి చూస్తే పొగరంటారు. అసలు ఆ మాటకి తెలుగేమిటి? ఒకచోట ‘కంటి సంపర్కం’ అని చదివాను. అనవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: ‘కంటి సంపర్కం’ మాత్రం వద్దమ్మా. సంపర్కం అంటే అంటుకోవడం, కలవడం. వాడుకలో దానికి ఇంకో అర్థం కూడా స్థిరపడింది, పిల్లాడి చదువు దగ్గర ఆ మాట ఎలా రాస్తారు? ఇంగ్లీషు మాటని ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ ఒక సంస్కృత పదం అతికించి తెలుగు చేశాం అనుకోవడం ఈమధ్య మరీ ఎక్కువైంది.

మనకి ‘కళ్ళలోకి చూసి మాట్లాడు’ ఉంది. కానీ దాన్ని ఎప్పుడు అంటాం? అవతలివాడు అబద్ధం చెబుతున్నాడని అనుమానం వచ్చినప్పుడు. మామూలు మర్యాదకి అది మన పద్ధతి కాదు. అందుకు ‘కటాక్షం’ కంటే మంచి సాక్ష్యం ఇంకోటి లేదు. లక్ష్మీకటాక్షం అని రోజూ అంటాం, దయ అనే అర్థంలో. అందులో ఉన్నది అక్షి, అంటే కన్ను. ముందున్న ‘కట’ ఏమిటన్నదానిమీద వాదాలున్నా (కణత అనే అర్థం ఒకటుంది), అమరకోశం అర్థాన్ని తేల్చేసింది: ‘కటాక్షోఽపాంగదర్శనే’. అపాంగం కంటి కొస. అంటే కటాక్షం కడగంటి చూపే! కనకధారా స్తవంలో అమ్మవారిని అడిగిందీ ఆ ‘అపాంగలీల’నే. తెలుగులోనూ అంతే, ‘కడగంటనైనా చూడలేదు’ అంటే దయ తలచలేదని. సమానులు ఎదురెదురుగా కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకుంటారు, పెద్దవాళ్ళ చూపు మాత్రం మనవైపు కాస్త తిరిగితే చాలనుకుంటాం. మీ అత్తగారి మాట వెనక ఉన్నది ఇదేనని నా నమ్మకం. అలాగని మనది ఎదురుచూపు (ఎదురుగా కళ్ళలోకి చూడడం) పడని జాతి అనుకోకండి. తిరుమలలో గురువారం స్వామివారి నామం తగ్గించి కళ్ళు కనిపించేలా చేస్తారు, ఆ నేత్రదర్శనం కోసం ఎంతమంది వెళతారో!

జపాన్‌వాళ్ళు పెద్దవాళ్ళని ‘మెఉఎ’ అంటారు, కళ్ళకి పైన ఉన్నవాళ్ళని. చిన్నవాళ్ళు ‘మెషిత’, కళ్ళకి కింద. అమెరికాలో మాత్రం చూపు తప్పిస్తే ఏదో దాస్తున్నాడనో, వినడం లేదనో అనుకుంటారు. మీవాడిలో తప్పేమీ లేదని టీచర్‌కి ఈ సంగతి చెప్పండి, అక్కడి పద్ధతి అక్కడ పాటించమని వాడికీ చెప్పండి.

‘ఓరచూపు’ వేరు, అది పక్కచూపు, దయతో పనిలేదు. ‘ఎదురుచూపు’ అంటే ఇప్పుడు నిరీక్షణే కాబట్టి, పైన నేను వాడిన అర్థంలో అది అందరికీ అందదు.

ఇక మీరడిగిన మాట. క్రియగా అయితే ‘కళ్ళలోకి చూసి మాట్లాడడం’ చాలు. నామవాచకమే కావాలంటే ‘చూపు కలపడం’ అనవచ్చేమో, కానీ దానికి ప్రేమకథల వాసన ఉంది, బడికి నప్పుతుందని గట్టిగా చెప్పలేను. అంతవరకు ‘ఐ కాంటాక్ట్’ అని తెలుగు లిపిలో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.