చెదపుట్టలో కాపురముండే చిలుక

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ఒక చిలుక చెదపుట్టను తొలిచి గుడ్లు పెడుతుందని చదివాను. నిజమేనా? చెదలు ఊరుకుంటాయా? అది నానాటికీ తగ్గిపోతోందట, ఎందుకు?

జవాబు: నిజమే. మీరు చదివింది క్వీన్స్‌లాండ్ ఉత్తర కొసన కేప్ యార్క్ ద్వీపకల్పపు గడ్డిమైదానాలలో మాత్రమే బతికే గోల్డెన్ షోల్డర్డ్ ప్యారట్ గురించి అయి ఉంటుంది. మగది నీలిరంగులో, నల్లటి నెత్తితో, రెక్క మొదట్లో పసుపుతో మెరుస్తుంది. ఆడది వెలిసిన ఆకుపచ్చ.

వానాకాలం చివర్లో పుట్టమన్ను నాని మెత్తబడ్డప్పుడే ఇది ముక్కుతో సొరంగం తవ్వి, చివర చిన్న గది చేసుకుంటుంది. ఆలస్యమైతే మన్ను రాయిలా బిగుసుకుపోతుంది. చెదలు తెగిన దారులను మూసుకుంటాయే గాని చిలుక జోలికి రావు. నాలుగు నుంచి ఆరు గుడ్లను ఆడది దాదాపు 20 రోజులు పొదుగుతుంది, మగది మేత తెచ్చి అందిస్తుంది. పుట్టలోని నిలకడైన వెచ్చదనం పిల్లలకు దుప్పటి. ఇక రెట్ట సంగతి: ఒక జాతి చిమ్మట ఆ గూటిలోనే గుడ్లు పెడుతుంది, దాని పురుగులు చిలుక పిల్లల రెట్టను తిని బతుకుతాయి. ఇంతకన్నా శ్రద్ధగల పాకీపని మనుషుల ఇళ్లలో కూడా దొరకదు!

ఇది నేలమీద రాలిన సన్నని గడ్డిగింజలను ఏరుకు తింటుంది. తల వంచి తినేటప్పుడు డేగ వస్తే తెలియదు కనుక, బ్లాక్ ఫేస్డ్ వుడ్‌స్వాలో అనే పిట్టల గుంపును అంటిపెట్టుకొని, అవి అరవగానే ఎగిరిపోతుంది. తొలివానలకు గింజలన్నీ మొలకెత్తినప్పుడు దీనికి కరువు.

తగ్గిపోవడానికి అసలు కారణం, నా ఉద్దేశంలో, పుట్టల కొరత కాదు, మైదానం మూసుకుపోవడం. పశువుల మేతవల్ల, పూర్వం ఆదివాసులు గడ్డికి అదను చూసి పెట్టే నిప్పు ఆగిపోవడంవల్ల టీ ట్రీ అనే అక్కడి పొదలు (తేయాకు కాదు) దట్టంగా పెరిగాయి. వాటి చాటున బుచర్‌బర్డ్‌లనే వేటపిట్టలు పొంచి చిలుకలను పట్టుకుంటాయి. ఈ పక్షిని ఆల్వాల్ అని పిలిచి తమ వంశచిహ్నంగా భావించే ఓల్కోలా ఆదివాసులు ఇప్పుడు తమ నేలలో పొదలు నరికి, అదను చూసి నిప్పు పెట్టి, గడ్డిని తిరిగి తెరుస్తున్నారు. పుట్టల్లోనే గూడు కట్టిన దీని బంధువు ప్యారడైజ్ ప్యారట్‌ను మాత్రం 1927 తరువాత ఎవరూ నమ్మదగినట్టుగా చూడలేదు.