కాటా దగ్గరే తేల్చుకో, తల్లీ

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి, పాడేరు వైపు చిన్న రైతుల దగ్గర సీతాఫలాలు కొని వైజాగ్ షాపులకు ఇస్తానన్నావట. మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. తనను ఊరుకోబెట్టాను గానీ ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. వైజాగ్ పూర్ణా మార్కెట్‌లో పళ్ల వ్యాపారం మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నాను. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

క్రేట్లు, వ్యాను, బ్యాంకు పనులు నాకంటే నీకే బాగా తెలుసు. నా బెంగంతా రైతుతో రాసుకునే కాగితం గురించే.

2014లో నేనూ రాయించాను. కాయను వైజాగ్‌లో నా గొడౌన్ దగ్గర తూచి, మంచి కాయకే డబ్బిస్తానని అందులో ఉంది. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. గాలికి రాలిపోతుందని రైతులు ముందురోజే కాయ కోసేశారు. చెట్లు పడి దారి మూసుకుపోయింది. కన్ను విచ్చిన సీతాఫలం మూడు నాలుగు రోజులకే పండిపోతుంది కదా, క్రేట్లు నా దగ్గరకు చేరేసరికి చాలావరకు గుజ్జే. నేను కాగితం తీసి చూపించి, మిగిలిన నాలుగు క్రేట్లకే లెక్క కట్టాను. వేలిముద్ర వేసిన ఒక ముసలాయన మారు మాట్లాడలేదు. డబ్బు పంచె కొంగున ముడేసుకుని వెళ్లిపోయాడు. ఆయన ముఖం మర్చిపోలేక సంక్రాంతికి మిగతా డబ్బు పట్టుకుని వెళ్లాను. మంచినీళ్లిచ్చాడు, డబ్బు ముట్టుకోలేదు. మరుసటి సీజనులో ఆ ఊరి నుంచి ఒక్క కాయ కూడా నాకు రాలేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్, జరగడానికి వీల్లేకుండా పోయిన ఒప్పందం చెల్లదంటుంది. కోసి క్రేటులో పెట్టిన కాయ నష్టం ఎవరిదో మాత్రం నీ కాగితమే విడిగా చెప్పాలి. సంతలోనే కాటా వెయ్యి. గ్రేడు కూడా అక్కడే, రైతు కళ్ల ముందే చెయ్యి. చీటీ ఇచ్చాక కాయ నీది. ఘాట్‌లో వ్యాను ఆగినా నీదే, తుఫాను వచ్చినా నీదే. తరుగు అని తూకంలో కోత పెట్టే మాటే ఉండకూడదు. కనీస ధర ఒకటి రాసి, ఆ రోజు మార్కెట్ పెరిగితే అందులో రైతుకు వాటా రాయి. అలా రాసినా, రేటు బాగున్న రోజున ఎవరైనా పక్క లారీకి పోస్తే తిట్టకు. రెండు కావిళ్ల కాయ ఉన్నవాడికి సీజనంతా ఆ నాలుగు రోజులే.

షాపులవాళ్లు రోజుకు ఇన్ని కేజీలు, తగ్గితే జరిమానా అని రాస్తారు. రైతు నుంచి రాబట్టలేని జరిమానాను నువ్వు ఒప్పుకోకు. తుఫాను రోజులను మినహాయించాకే సంతకం పెట్టు. తెలుగు రాని రైతులకు వాళ్ల భాషలో చదివి వినిపించాకే వేలిముద్ర అడుగు.

అమ్మకు చెప్పకుండా రాజీనామా ఇవ్వడం మాత్రం తప్పే. ఈ ఆదివారం వెళ్లి తన పక్కన కూర్చో.

డబ్బు చాలకపోతే నన్నడుగు, బయట వడ్డీకి తేకు. చీకటి పడ్డాక ఘాట్ దిగకు, పొగమంచులో మలుపులు కనపడవు. కాగితం రాశాక ఒకసారి ఇంటికి పట్టుకురా. నా కళ్లు సరిగా ఆనడం లేదు, మీ అత్తయ్య చేత చదివించుకుంటాను.

మీ మావయ్య