పౌండు గిన్నె ఒక్కడికి ఎక్కువే

తమ్ముడూ, లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో గది దొరికింది, కూరగాయలు ఎక్కడ కొనాలని అడిగావు. అప్టన్ పార్క్ ట్యూబ్ (లండన్ మెట్రో రైలు) స్టేషన్‌లో దిగితే గ్రీన్ స్ట్రీట్, ఆ పక్కనే క్వీన్స్ మార్కెట్. మంగళ, గురు, శుక్ర, శనివారాల్లో ఉంటుంది. అన్నీ ఫోన్‌లో ఆర్డర్ పెట్టడం మీ తరానికి అలవాటు. ఇది మాత్రం నడిచి వెళ్లి కొను.

2007 చలికాలంలో నేను మొదటిసారి వెళ్లాను. స్టీలు గిన్నెల్లో టమాటాలు, బెండకాయలు రాశిపోసి 'పౌండ్ ఎ బౌల్' (గిన్నెడు ఒక పౌండుకే) అని అరుస్తుంటే, ఇంటి సంత గుర్తొచ్చి ఆరు గిన్నెలు సంచిలో పోయించుకున్నాను. తినేది నేనొక్కడినే అని గదికి వచ్చాక గాని తట్టలేదు. వారం తిరిగేసరికి సగం బూజుపట్టి చెత్తబుట్టలోకి పోయింది.

అందులోనే బుజ్జి గుమ్మడికాయల్లా పసుపు, ఎరుపు రంగుల్లో మిరపకాయలున్నాయి. మన పచ్చిమిర్చి లాంటివే అనుకుని ఆరు కోసి పచ్చడి నూరాను. అవి స్కాచ్ బోనెట్లు, కరీబియన్ వంటల్లో వేసే మహా ఘాటు మిరపకాయలు. రాత్రి పదిన్నరకి కూడా చేతులు భగభగ మండుతున్నాయి. అమ్మకి ఫోన్ చేద్దామంటే అక్కడ తెల్లవారుజాము నాలుగు. ఆ రాత్రి ఏడిపించింది మంట కాదు తమ్ముడూ, చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం.

మరుసటి శనివారం అదే బండి దగ్గర జమైకా పెద్దావిడని అడిగాను. "కోయకు నాన్నా, కాయను కాయగానే ఒక్కటి ఉడికే కూరలో వెయ్, చిట్లకముందే తీసెయ్" అంది. ఆ వారం నేను ఆఫీసు పని మీద కాకుండా మాట్లాడింది ఆవిడతోనే. తర్వాత పక్క గదిలోని బంగ్లాదేశ్ సిల్హెట్ అబ్బాయితో గిన్నెలు సగం సగం పంచుకోవడం మొదలుపెట్టాను. చేపల కొట్లో 'రుయి' అంటే మన శీలావతి అనీ, 'ఇలిష్' అంటే మన పులస జాతే అనీ అతనే చెప్పాడు. అలా నెట్టుకొచ్చి ఇక్కడే ఇల్లు, పిల్లలు అన్నీ అమర్చుకున్నాను.

వేడివేడిగా వండి అమ్మేవి తినేటప్పుడు వేరుశెనగ లాంటివి పడకపోతే అడుగు. 14 రకాల అలర్జీ పదార్థాల గురించి వాళ్లు చెప్పి తీరాలి, చట్టం ఉంది. వివరాలు ప్రభుత్వ సైట్‌లో చూసుకో.

ఈ శనివారం వెళ్లేముందు పక్క గది తలుపు తట్టు. తెలుగువాడే కానక్కర్లేదు. టమాటా గిన్నె చెరిసగం తీసుకుందామా అని అడుగు.