సెకండ్ హ్యాండ్ కారుకు రీకాల్ ఉందట, ఇంతలో డిక్కీ డోర్ తల మీద పడింది: ఏది కంపెనీ బాధ్యత, ఏది మనది?

మీ ప్రశ్నలో మూడు సంగతులు కలిసిపోయాయి. కర్నూలులో కొన్న 2015 మోడల్ చిన్న కారుకు ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఉందని, అంటే లోపం ఉన్న పార్టు మార్చడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలుస్తోందని, ఎవరో చెప్పారు. పొద్దున్నే డిక్కీలోంచి సంచి తీస్తుంటే డోర్ మీ నాన్నగారి తల మీద పడింది. వెనక డోర్ అద్దం ఎత్తేటప్పుడు పాప వేలు నలిగింది. ఈ మూడూ కంపెనీనే అడగొచ్చా అన్నారు. మొదటిది పూర్తిగా కంపెనీ బాధ్యత. మిగతా రెండూ, మీరు రాసినదాన్ని బట్టి, చాలావరకు మనం చూసుకోవాల్సినవే. పద్ధతి ప్రకారం వాడుతున్నా వస్తువు తయారీలోని లోపంవల్ల చెడితే అది కంపెనీది. ఏళ్లు గడిచి అరిగిపోతే, చూసుకోకుండా వాడితే అది వాడేవాళ్లది. కానీ రీకాల్ ఉన్న కారైనా సరే, పార్టు మార్చేదాకా దాన్ని ఎలా నడపాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అన్నది మన చేతిలోనే ఉంటుంది. చాలామంది వదిలేసేది ఇక్కడే.

ముందు ఎయిర్‌బ్యాగ్ సంగతి చూడండి, మిగతావి రేపైనా చూసుకోవచ్చు. ఆర్.సి.లో ఛాసిస్ నంబర్ ఉంటుంది, అక్షరాలూ అంకెలూ కలిపి 17. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు ఎప్పుడూ ఉండవు, కాబట్టి ‘ఓ’లా కనిపించేది సున్నానే. ‘నా కారుకు రీకాల్ లేదని వెబ్‌సైట్ చెప్పింది’ అనేవాళ్లలో కొందరు ఇక్కడే తప్పు కొడతారు. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఆర్.సి. నంబరూ బాడీ మీద కొట్టిన నంబరూ ఒకటేనా అని కూడా పోల్చి చూడండి. తర్వాత కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ లేదా సర్వీస్ క్యాంపెయిన్ అని ఉన్న పేజీలో ఆ నంబర్ కొట్టండి. లేదు అని వచ్చినా అంతటితో వదలకండి. పెద్ద రీకాల్స్ ఒక్కసారిగా రావు, విడతలవారీగా కార్లను కలుపుకుంటూ పోతారు. ఆరు నెలలకోసారి మళ్లీ చూడాలి.

మీకు కబురు రాకపోవడానికి కారణం మామూలుదే. కంపెనీ ఉత్తరం, మెసేజ్ మొదటి ఓనర్ నంబరుకు పోతాయి. ఆర్.సి. మీ పేరుకు మారినా డీలర్ కంప్యూటర్లో పాత పేరే ఉంటుంది. ఆర్.సి. కాపీ తీసుకెళ్లి సర్వీస్ సెంటర్లో ఓనర్ వివరాలు మార్చమని అడగండి.

ఇంకో అనుమానం కూడా చాలామందికి ఉంటుంది: ఇంత పాత కారుకు రీకాల్ వర్తిస్తుందా అని. మోటారు వాహనాల చట్టంలో 2019లో 110ఎ సెక్షన్ చేర్చారు. లోపం ఉన్న బండ్లను వెనక్కి పిలవమని కంపెనీని ఆదేశించే అధికారం దానివల్ల కేంద్రానికి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఏడేళ్లలోపు బండ్లకు వర్తిస్తాయి. మీది అది దాటిపోయింది. అయినా కంపెనీలు తమంతట తాము ప్రకటించే రీకాల్స్ వేరు. ఎయిర్‌బ్యాగ్ రీకాల్స్ పాత మోడళ్లకే ఎక్కువగా వచ్చాయి. వారంటీ అయిపోయిందనో, సర్వీసు బయట చేయించారనో ఆ పని ఆపడానికి లేదు. పార్టూ కూలీ రెండూ ఉచితం.

ఆ ఎయిర్‌బ్యాగ్‌లో అసలు ఏమవుతుందో తెలిస్తే ఎందుకు తొందరపెడుతున్నానో అర్థమవుతుంది. స్టీరింగ్ మధ్యలో చిన్న లోహపు డబ్బా ఉంటుంది, అది ఇన్‌ఫ్లేటర్. గుద్దుకున్నప్పుడు అందులోని మందు కాలి గ్యాస్ పుడుతుంది, కనురెప్ప పడేలోపే బ్యాగ్ నిండుతుంది. టకాటా అనే జపాన్ కంపెనీ అమ్మోనియం నైట్రేట్ మందు వాడింది. తేమ పీల్చే పదార్థం లేకుండా చేసిన ఇన్‌ఫ్లేటర్లలో ఏళ్ల తరబడి ఎండ, తేమ, పగలూ రాత్రీ ఉష్ణోగ్రత తేడాలకు ఆ మందు బిళ్లలు గుల్లబారి పొడి అవుతాయి. పొడి అయిన మందు కాలాల్సినదానికంటే చాలా వేగంగా కాలుతుంది. డబ్బా ఆ ఒత్తిడికి తట్టుకోలేక పగిలి, లోహపు ముక్కలు బ్యాగ్‌ను చీల్చుకుని మనిషి మీదికి వస్తాయి. చిన్నగా గుద్దుకున్నా ప్రాణం పోవచ్చు. ప్రపంచంలోనే అతి పెద్ద రీకాల్ అదే, టకాటా 2017లో దివాలా తీసింది. ఈ లోపాన్ని డ్యాష్‌బోర్డులోని ఎయిర్‌బ్యాగ్ లైటు కనిపెట్టలేదు. లైటు వైరింగ్ సంగతి చెబుతుందిగానీ లోపలి మందు సంగతి చెప్పదు.

మన రాయలసీమలో ఎండ ఎక్కువ, తేమ తక్కువ. అందువల్ల కడప, అనంతపురంలోనే తిరిగిన కారుకు ఫర్వాలేదని నిమ్మళంగా ఉండకండి. మన వైపు వచ్చే సెకండ్ హ్యాండ్ కార్లలో చెన్నై నుంచి వచ్చినవీ ఉంటాయి. సముద్రపు తేమలో పదేళ్లు గడిపిన కారుకు ఇన్‌ఫ్లేటర్ పాడయ్యే అవకాశం ఎక్కువ. ఆర్.సి.లో మొదటి రిజిస్ట్రేషన్ ఎక్కడిదో చూడండి.

రీకాల్ ఉన్నట్టు తేలితే, అది డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్‌దైతే పార్టు మార్చేదాకా కారు తీయకండి. ప్యాసింజర్ వైపుదైతే ముందు సీటు ఖాళీగా ఉంచి అందరూ వెనక కూర్చోండి, వెనకా బెల్టు పెట్టుకోండి. కొందరు మెకానిక్‌లు ‘ఫ్యూజు పీకేస్తే సరి’ అంటారు. చాలా కార్లలో ఆ ఫ్యూజుతోపాటు సీట్‌బెల్టును బిగించే ప్రిటెన్షనర్ కూడా పనిచేయడం ఆగిపోతుంది. ఆ పని చేయించొద్దు.

అన్ని రీకాల్స్‌కూ ఒకే జాగ్రత్త సరిపోదు. 2023 జనవరిలో మారుతీ 17,362 కార్లను ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం వెనక్కి పిలిచినప్పుడు, పార్టు మార్చేదాకా కారు నడపొద్దని సూటిగా చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో 7,213 బలేనో ఆర్‌ఎస్ కార్లకు వచ్చింది బ్రేకుకు సాయంచేసే వాక్యూమ్ పంప్ సమస్య. దానివల్ల పెడల్ గట్టిపడి ఎక్కువ బలంతో తొక్కాల్సి రావచ్చు. అలాంటి కారుతో గువ్వలచెరువు ఘాట్ దిగడం మంచిది కాదు. 2024 అక్టోబరులో హోండా 90,468 కార్లకు ఫ్యూయల్ పంప్ రీకాల్ ప్రకటించింది. ఆ లోపంవల్ల ఇంజిన్ నడుస్తూ నడుస్తూ ఆగిపోవచ్చు, అంటే పార్టు మారేదాకా హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేసే సాహసం వద్దు. మంటలు రావచ్చని నోటీసులో ఉంటే కారును ఇంటి కింద, పోర్టికోలో పెట్టకండి, ఆరుబయట పెట్టండి. నోటీసులో ‘ఏమి జరగవచ్చు’ అన్న ఒక్క వాక్యం చదివితే మీరు ఏం చేయాలో తేలిపోతుంది.

సర్వీస్ సెంటర్‌కు పోయేముందు ఫోన్ చేసి, మీ ఛాసిస్ నంబరుకు పార్టు వచ్చిందా అని అడగండి. ‘తీసుకురండి సార్, చూద్దాం’ అంటే వెళ్లకండి. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు, ఉత్తపుణ్యానికి అంత దూరం పోయి రావడమెందుకు? రీకాల్ పనికి జాబ్ కార్డు వేరుగా రాయించండి. దాంతో కలిపి ఏసీ క్లీనింగ్, అలైన్‌మెంట్ రాస్తే వద్దనే హక్కు మీకుంది. పని అయ్యాక సున్నా రూపాయల బిల్లయినా అడిగి తీసుకోండి, రేపు కారు అమ్మేటప్పుడు అదే రుజువు. కీ తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. పాత యాక్సిడెంట్లో బ్యాగ్ పేలిపోతే కొత్తది వేయకుండా లైటు కనపడకుండా చేసి అమ్మిన కారు కావచ్చు.

ఇక డిక్కీ డోర్. దాన్ని నిలబెట్టేవి రెండు పక్కలా ఉన్న షాకర్లు. లోపల ఒత్తిడితో నింపిన నైట్రోజన్ గ్యాస్, కొంచెం నూనె ఉంటాయి. రాడ్ చుట్టూ ఉండే సీలు ఏళ్లు గడిచేకొద్దీ అరిగి గ్యాస్ కొద్దికొద్దిగా పోతుంది. 2015 కారుకు అది సహజం, రీకాల్ కాదు. పొద్దున్నే ఎందుకు పడిందంటే, గ్యాస్ ఒత్తిడి వేడితోపాటు పెరిగి చలికి తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీలకూ డిసెంబరు తెల్లవారుజాము 15 డిగ్రీలకూ మధ్య దాదాపు పదో వంతు బలం తేడా వస్తుంది. అరిగిన షాకర్ మధ్యాహ్నం డోర్‌ను నిలబెట్టి, చలి పొద్దున వదిలేస్తుంది. అందుకే పరీక్ష ఎప్పుడూ తెల్లవారుజామున చేయండి. డోర్ పూర్తిగా ఎత్తి, ఒక జానెడు కిందికి దించి, చెయ్యి దగ్గరగానే ఉంచి వదలండి. పైకి పోవాలి, లేదా అక్కడే ఆగాలి. కిందికి జారితే షాకర్ పని అయిపోయినట్టే. రాడ్ అద్దంలా మెరవాలి, దాని మీద నల్లటి జిడ్డు, దుమ్ము అంటుకుని ఉంటే సీలు లీకవుతోంది.

రెండూ ఒకేసారి మార్చాలి. ఒక్కటే మారిస్తే డోర్ మెలికపడి హింజ్‌లు, లాక్ దెబ్బతింటాయి. షాకర్ గొట్టం మీద పార్టు నంబరు, ఎన్ని న్యూటన్ల బలమో ముద్రించి ఉంటాయి, అవే తీసుకోండి. ‘ఇంకొంచెం గట్టివి’ వేస్తే మూసేటప్పుడు కష్టం, షీటు వంగుతుంది. మార్చేటప్పుడు ఒకరు డోర్ పట్టుకోవాలి, తోడుగా గట్టి కర్ర ఆనించాలి. చివర ఉండే తీగ క్లిప్పును సన్నటి స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా లేపితే (పూర్తిగా పీకొద్దు) సాకెట్ గుండు మీదినుంచి ఊడి వస్తుంది. ఒక పక్క అయ్యాకే రెండో పక్క ముట్టుకోండి. పాతది ఏ దిక్కుకు ఉందో కొత్తదీ అదే దిక్కుకు పెట్టండి. డిక్కీ మూసినప్పుడు రాడ్ కిందికి ఉంటేనే నూనె సీలును తడుపుతూ ఉంటుంది. ‘టక్’మని కూర్చునేదాకా నొక్కాలి. పాత షాకర్లను కోయడం, మంటలో వేయడం చేయొద్దు, లోపల ఒత్తిడి ఇంకా ఉంటుంది. మార్చేదాకా సామాను తీసేటప్పుడు పక్కకు నిలబడండి. తల పగిలేది డోర్ బరువుకంటే ఎక్కువగా మధ్యలో ఉండే లాక్ కొక్కెంవల్ల.

పాప వేలి విషయానికొస్తే, మీ తరగతి కార్లలో వెనక అద్దాలకు అడ్డు తగిలితే వెనక్కి దిగే సౌకర్యం సాధారణంగా ఉండదు. మాన్యువల్‌లో చూడండి. ఉన్న కారుకైనా యూరప్ ప్రమాణం ఒప్పుకునే బలం 100 న్యూటన్లు, అంటే సుమారు పది కిలోల బరువు. చిన్న వేలికి అదీ నొప్పే. పరీక్షించాలంటే చుట్టిన న్యూస్‌పేపర్ పెట్టండి, చెయ్యి ఎప్పుడూ పెట్టకండి. డ్రైవర్ డోర్ మీద ఉండే విండో లాక్ బటన్ పిల్లలు ఎక్కినప్పుడల్లా నొక్కి ఉంచండి. అద్దం ఎత్తేముందు వెనక్కి తిరిగి చూడండి, డ్రైవర్ ముందుండే మిర్రర్‌లో చూస్తే పిల్లల చేతులు కనపడవు.

బేతంచెర్ల, తాడిపత్రి వైపు తిరిగే కార్లలో ఇంకో చిక్కు ఉంది. నాపరాళ్ల పొడి అద్దం రబ్బరు గాడిలో చేరి అద్దం బిగుసుకుంటుంది. అప్పుడు జనం స్విచ్ పట్టుకుని బలవంతంగా లాగుతారు. కొన్ని కార్లలో అలా లాగితే రక్షణ పనిచేయదు. తడిగుడ్డతో గాడి తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ పూస్తే రబ్బరు ఉబ్బి, దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. బ్యాటరీ తీసి పెట్టాక, అడ్డు తగిలితే వెనక్కి దిగే సౌకర్యం ఉన్న అద్దాలకు మళ్లీ సెట్టింగ్ చేయాలి, పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది.

మీరు అడగకపోయినా ఇంకొక్కటి. డ్యాష్‌బోర్డు మీద ఎడమవైపు దేవుడి విగ్రహం అతికించి ఉంటే దయచేసి జరపండి. ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఆ మూత చీల్చుకునే పైకి వస్తుంది, విగ్రహం నేరుగా ముందు సీట్లోవాళ్ల ముఖం మీదికి పోతుంది. ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న మూతకు దూరంగా, మధ్యలో కిందికి పెట్టుకోవచ్చు. స్టీరింగ్‌కూ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి.

కంపెనీని ఎప్పుడు అడగొచ్చంటే, కొత్త కారుకు ఏడాదిలోపే షాకర్ వదిలేస్తే, ఉండాల్సిన అద్దం రక్షణ పనిచేయకపోతే, రీకాల్ పని చేశాక అదే లోపంతో దెబ్బ తగిలితే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీనికి దారి ఇచ్చింది. కానీ అందులోని 87వ సెక్షన్ ప్రకారం, వస్తువును తప్పుగా వాడి ఉన్నా, మార్చి ఉన్నా అమ్మినవాళ్లను బాధ్యులను చేయడం కుదరదు. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని తయారీదారును పట్టుకోవడమూ కుదరదు. డిక్కీకి బరువైన స్పాయిలర్ (రెక్కలాంటి అదనపు పార్టు) బిగించి ఉంటే మీ కేసు అక్కడే బలహీనపడుతుంది. కేసు నిలబడాలంటే విరిగిన పార్టు పారేయకండి, మెకానిక్ చేతికీ ఇవ్వకండి. ఫొటో, జాబ్ కార్డు, ఆసుపత్రి ఓపీ చీటీ ఒకచోట పెట్టండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే సంఘటన జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి.

పాప వేలు ఇప్పుడు ఎలా ఉందో మీరు రాయలేదు. వాపు తగ్గకపోయినా, వేలు వంచలేకపోయినా, గోరు కింద నల్లగా రక్తం చేరి సలుపుతున్నా ఇవాళే ఎక్స్‌రే తీయించండి.