పేగు మీద జిగురు కడిగెయ్యకు

సత్యనారాయణపురం, విజయవాడ

చిరంజీవి నానీకి పెద్దమ్మ ఆశీస్సులు.

గన్నవరం వెటర్నరీ కాలేజీలో నీకు మేకపేగుల మీద పని అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నవ్వొచ్చింది. బోటి తెచ్చిన రోజున అమ్మమ్మ ఉప్పూ సున్నం వేసి, వేడినీళ్లలో రుద్ది రుద్ది జిగురంతా వదలగొట్టేది, గుర్తుందా? ఇప్పుడు నువ్వు చూడాల్సింది ఆ జిగురునే, దాన్ని చేసే గాబ్లెట్ కణాల్నే. ఇంటి అలవాటు ల్యాబ్‌కి పట్టుకెళ్లకు.

ఆ కణం అడుగున సన్నగా, పైన ఉబ్బుగా ఉంటుంది. ఆ ఉబ్బులో మ్యూసిన్, అంటే జిగురుకి మూలమైన పదార్థం, కుక్కి పెట్టి ఉంటుంది. సబ్జా గింజ నీళ్లలో పడితే ఎలా ఉబ్బుతుందో, బయటికొచ్చిన మ్యూసిన్ కూడా అంతే, వందల రెట్లు పెరుగుతుంది. చిన్నపేగులో ఆ జిగురు పొర వదులుగా ఉంటుంది, అరిగిన తిండి దాన్ని దాటి లోపలికి పోవాలి కదా. పెద్దపేగు సంగతి వేరు. అక్కడ రెండు పొరలున్నాయనీ, కణాలకి అంటుకున్న లోపలి పొరలోకి బాక్టీరియా రాదనీ 2008లో స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ వాళ్లు చిట్టెలుకల్లో చూపించారు. మా రోజుల్లో ఆ పొర మాకెవరికీ కనపడలేదు. కనపడదు కూడా, ముక్క కుళ్లకుండా వాడే ఫార్మలిన్‌లో వేస్తే అది ముడుచుకుపోతుంది. నీకు కణాల లెక్క కావాలంటే ఫార్మలిన్ చాలు. జిగురు పొరే కావాలంటే నీళ్లు కలపని కార్నాయ్ ద్రావణం వాడు, లోపలి పేడ తీయకుండా, నీళ్లు తగలనివ్వకుండా ముక్క అలాగే వెయ్యి.

అన్నిటికన్నా ముఖ్యం, సీసా నీతోపాటే కబేళాకి వెళ్లాలి. పేగు చచ్చిన నిమిషాల్లోనే తన రసాలతో తనే అరగడం మొదలుపెడుతుంది, మన బెజవాడ ఎండల్లో ఇంకా తొందరగా. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, మే నెలలో, ముక్కని ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, బెంజి సర్కిల్ దగ్గర తీరిగ్గా చెరకురసం తాగి వచ్చాను. స్లైడులో చూషకాల, అంటే పేగు లోగోడ మీద వేళ్లలా లేచి ఉండే మొలకల, కొసలన్నీ ఊడి బోసిగా ఉన్నాయి. ఏ జబ్బో అని రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నాం. జబ్బు కాదు, నా చెరకురసం! ముక్కకి పదింతలైనా ఫార్మలిన్ ఉండాలి, వేళ్లతో పిండకూడదు.

స్లైడులకి మామూలుగా వేసే హెచ్ అండ్ ఈ రంగులో ఈ కణాలు తెల్లటి ఖాళీ గుంటల్లా కనపడతాయి, కొవ్వు అనుకునేవు. అందుకని ముందు పీహెచ్ 2.5 ఆల్షియన్ బ్లూ అనే నీలిరంగు, తర్వాత షిఫ్ ద్రావణంతో గులాబీ తెప్పించే పీఏఎస్ వెయ్యి. ఆమ్ల గుణమున్న మ్యూసిన్ నీలం, తటస్థమైనది ముదురు గులాబీ, రెండూ కలిసినచోట వంకాయ రంగు. షిఫ్ తర్వాత మాత్రం కుళాయి నీళ్ల కింద బాగా కడుగు, గులాబీ రంగు తేలేది అప్పుడే. కడగొద్దన్నదాన్నే కడగమంటున్నానని నవ్వకు.

లెక్క దగ్గరే పిల్లలు బోల్తా పడతారు. చిన్నపేగు మొదటి నుంచి పెద్దపేగు దాకా పోనుపోను ఈ కణాలు ఎక్కువవుతాయి. అందుకని ఒక మేక డుయోడినాన్ని (చిన్నపేగు మొదలు) ఇంకో మేక ఇలియంతో (చిన్నపేగు చివర) పోల్చావంటే ఆ పట్టిక చించెయ్యడమే. నిలువుగా, కొస నుంచి మొదలు దాకా తెగిన చూషకాలే తీసుకుని, వాటిని కప్పిన నూరు పొరకణాలకి ఎన్ని గాబ్లెట్ కణాలో లెక్కెయ్యి. స్లైడు ఏ మేకదో లెక్కపెట్టేటప్పుడు నీకు తెలియకూడదు, పేరు మీద కాగితం అంటించెయ్యి.

లెక్క తగ్గిందని కణాలే పోయాయని రాసెయ్యకు. అప్పుడే జిగురు వదిలి ఖాళీ అయిన కణానికి రంగు పట్టదు. ఎక్కువున్నాయని మేత మంచిదనీ రాయకు. పేగులో పురుగులుంటే వాటిని బయటికి నెట్టడానికి ఈ కణాలు పెరుగుతాయి. ముందు పెంటికలు తీసి గుడ్లున్నాయేమో చూడు. మీ సారుకి ఈ మాట గుర్తుచేస్తే విసుక్కుంటారేమో, విసుక్కోనీ.

షిఫ్ ద్రావణం ఫ్రిజ్‌లో, నల్లసీసాలో పెట్టు. సీసాలోనే గులాబీ రంగుకి తిరిగితే పారబొయ్యి. ఆదివారం వచ్చేటప్పుడు మొదటి స్లైడు పట్టుకురా. నా పాత మైక్రోస్కోపు అద్దం తుడిచి పెట్టాను.

నీ పెద్దమ్మ