దుకాణం అమీర్‌పేటలో, ఇల్లు వనస్థలిపురంలో: కార్పొరేటర్‌గా పోటీ చేయవచ్చా?

నమస్కారమండీ. ఇల్లు ఒక వార్డులో ఉన్నా, దుకాణం ఉన్న వార్డు నుంచి పోటీ చేయవచ్చా అన్నదే మీ సందేహమైతే, ఆ రెండు వార్డులూ ఒకే నగరపాలక సంస్థ కిందకు వస్తే దిగులు పడకండి. ఆ నగరపాలక సంస్థ ఓటర్ల జాబితాలో ఏ వార్డులోనైనా మీ పేరు ఉండి, 21 ఏళ్లు నిండితే ఆ విషయంలో చిక్కు లేదు. మిమ్మల్ని ప్రతిపాదించేవారు మాత్రం మీరు పోటీ చేసే వార్డు ఓటరై ఉండాలి.

నన్ను కలవరపెట్టింది మీరు ఉత్తరం చివర్లో రాసిన మాట: కార్పొరేషన్ పనులకు రంగులు సరఫరా చేస్తున్నానన్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. 1955 నాటి హైదరాబాద్ నగరపాలక సంస్థ చట్టం ప్రకారం, కార్పొరేషన్‌తో కాంట్రాక్టులో నేరుగా గానీ పరోక్షంగా గానీ వాటా ఉన్నవారు అనర్హులు. కాంట్రాక్టును భాగస్వామి పేరు మీదకు మార్చినంత మాత్రాన సరిపోదు. కాగితాలన్నీ పట్టుకుని ఇప్పుడే మంచి న్యాయవాదిని కలవండి. నామినేషన్ల పరిశీలన రోజు వరకు ఆగవద్దు. ఆస్తిపన్ను బకాయి ఉంటే అదీ కట్టేయండి.

ఖర్చంటారా, 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో డిపాజిట్ 5,000 రూపాయలు, రిజర్వుడు వర్గాలకు 2,500. వ్యయ పరిమితి 5 లక్షలు. ఈసారి ఎంతో నోటిఫికేషన్‌లో చూసుకోండి. వార్డు రిజర్వేషన్ తేలాకే కరపత్రాలు అచ్చు వేయించండి. అప్పట్లో సగం మంది కూడా ఓటు వేయలేదు. నా మాట వినండి, ఫ్లెక్సీల మీద పెట్టే డబ్బు మిగిల్చి ఇంటింటికీ తిరగండి.